కాన్పు కుట్లకు ఇంటి వైద్యం: కడగడం, ఆరబెట్టడం, పూయడం

బాలింత ఇంటికి వచ్చిన రోజే సలహాలు మొదలవుతాయి. ఒకరు పసుపు పెట్టమంటారు, ఒకరు వేపాకు నీళ్లంటారు, పక్కింటివాళ్లు కలబంద మట్ట విరుచుకొని వస్తారు. వీటిలో కొన్ని నిజంగానే హాయినిస్తాయి. కొన్ని మాత్రం పచ్చి కుట్టు మీద పడితే మానుతున్న పుండును మళ్లీ రేపుతాయి. ఏది ఏ రోజున, ఎంత, ఎలా వాడాలో ఇంట్లో చూసుకునే అమ్మకో అత్తకో తెలిసి ఉంటే చాలా బాధ తప్పుతుంది.

ముందు పుండు సంగతి. మామూలు కాన్పులో బిడ్డ తల వచ్చే చోట చర్మం చిరగవచ్చు, లేదా డాక్టరే చిన్న కోత పెట్టవచ్చు. రెండింటికీ సాధారణంగా కరిగిపోయే దారాలతోనే కుట్లు వేస్తారు. మొదటి మూడు నాలుగు రోజులు వాపు, సలుపు ఉంటాయి. వారం నుంచి రెండు వారాల మధ్య ప్యాడ్ మీద చిన్న చిన్న దారం ముక్కలు కనిపిస్తాయి. చూసి కంగారు పడకండి, అవి రాలాల్సిన దారాలే. పై చర్మం రెండు మూడు వారాల్లో అతుక్కుంటుంది, లోపలి కండ గట్టిపడడానికి ఆరు వారాల దాకా పడుతుంది. చిరుగు ఎన్నో డిగ్రీదో డిశ్చార్జి కాగితంలో చూడండి, రాసి లేకపోతే అడగండి. ఒకటి, రెండు డిగ్రీల చిరుగులకు కింద చెప్పినవి సరిపోతాయి. మూడు, నాలుగు అంటే మలద్వారం కండరం దాకా చిరిగిందని అర్థం. అప్పుడు డాక్టరును అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

మొదటి రెండు రోజులు చలువే మందు

కాన్పయిన మొదటి 24 నుంచి 48 గంటల్లో వాపును, సలుపును బాగా తగ్గించేది ఐస్. "పచ్చి బాలింతకు చలువ తగలకూడదు" అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఒళ్లంతా చల్లబడుతుందని వాళ్ల భయం. ఇక్కడ చల్లబడేది అరచేతి వెడల్పు చోటు, అదీ పది నిమిషాలు. చెవుల్లో దూది, కాళ్లకు సాక్సులు, మీద దుప్పటి ఎప్పటిలాగే ఉండనివ్వండి, ఎవరి మాటా కాదనక్కర్లేదు.

కాచి చల్లార్చిన నీళ్లతో ఒక మెటర్నిటీ ప్యాడ్‌ను తడిపి, ఒంటి వంపుకు సరిపోయేలా కొద్దిగా వంచి, శుభ్రమైన పాలిథిన్ కవరులో ఫ్రీజర్‌లో పెట్టండి. గంట చాలు. రాయిలా గడ్డకట్టిందంటే వంగదు, కుట్టు మీద అంచు గుచ్చుకుంటుంది. తీశాక ఒక పొర పలుచని నూలు గుడ్డ చుట్టి 10 నిమిషాలు ఆనించి ఉంచండి, 20 నిమిషాలు దాటనివ్వవద్దు. మళ్లీ పెట్టడానికి కనీసం గంట విరామం ఇవ్వాలి. గుడ్డ లేకుండా ఐస్ ముక్కను నేరుగా పెడితే చర్మం తెల్లబడి మొద్దుబారుతుంది. చలికి కూడా చర్మం కాలుతుంది, పైగా మొద్దుబారిన చోట ఆ సంగతి బాలింతకు తెలియదు.

ఒకటి రెండు రోజులయ్యాక ఐస్ మానేసి వెచ్చదనానికి మారాలి. వెచ్చదనం ఆ చోటికి రక్తం బాగా చేరేలా చేస్తుంది.

గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం

ఇంటి పద్ధతుల్లో దేన్నైనా ఒక్కదాన్నే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకోవాలి. కాన్పయి 24 గంటలు గడిచాక, రక్తస్రావం మామూలుగా ఉండి డాక్టరు సరేనంటే మొదలుపెట్టవచ్చు. కమోడ్ మీద అమరే సిట్జ్ బాత్ టబ్ మెడికల్ షాపుల్లో, హైదరాబాద్‌లో అయితే కోఠి వైపు సర్జికల్ దుకాణాల్లో దొరుకుతుంది. ఇంట్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌ను కదలని, వెడల్పైన పీట మీద గోడవారగా పెట్టండి. నేల మీద పెడితే గొంతుకు కూర్చొని లేవాల్సి వస్తుంది, ఆ లేచేటప్పుడే కుట్టు లాగుతుంది. కూర్చోబెట్టడానికి, లేపడానికి ఒక మనిషి చేయి అందించాలి. ఈ బేసిన్‌లో బట్టలు నానబెట్టకూడదు, బిడ్డకు నీళ్లు పోయకూడదు. వాడిన ప్రతిసారీ సబ్బుతో తోమి ఎండలో బోర్లించండి.

నీళ్లు కలపడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. బేసిన్‌లో ముందు నల్లా నీళ్లు నాలుగు లీటర్లు పోసి, తర్వాత మరిగిన నీళ్లు ముప్పావు లీటరు కలపండి. డిసెంబరు, జనవరి నెలల్లో నల్లా నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మరిగినవి లీటరు దాకా పడతాయి. మే నెలలో మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికే కాలుతుంటాయి, అప్పుడు వేడినీళ్లు కలపక్కర్లేదు, ఒక్కోసారి చల్లనీళ్లే కలపాల్సి వస్తుంది. కలిపాక మోచేయి ముంచి చూడండి. వేడిగానూ చల్లగానూ అనిపించకపోతే సరిపోయినట్టు. బాలింత కూర్చున్నాక మాత్రం పైనుంచి వేడినీళ్లు పోయకండి. వాపెక్కిన చర్మానికి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, బొబ్బ లేచాక గానీ గ్రహించరు. బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో వాడే ఇళ్లలో మొత్తం నీళ్లను ఒకసారి మరగకాచి చల్లార్చుకోవడం మంచిది.

ఉప్పు వేయాలా? ఉప్పు వేస్తే పుండు త్వరగా మానుతుందని గట్టి ఆధారం లేదు, ఉత్త నీళ్లూ అదే పని చేస్తాయి. కొందరికి ఉప్పునీళ్లతో మంట తక్కువగా అనిపిస్తుంది. వేయదలిస్తే లీటరుకు 9 గ్రాముల లెక్క, అంటే అయిదు లీటర్లకు రెండున్నర పెద్ద చెంచాల మెత్తని ఉప్పు. దొడ్డుప్పు అయితే ముందు గిన్నెలో వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, వడకట్టి కలపండి. కరగని పలుకు కుట్టు మధ్యలో ఇరుక్కుంటే గాజుపెంకు గుచ్చుకున్నట్టే ఉంటుంది. డెట్టాల్, సబ్బు, అత్తరు ఏవీ వద్దు.

ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు, వీలైతే దొడ్డికి వెళ్లొచ్చిన ప్రతిసారీ. హాయిగా ఉందని అరగంట కూర్చోవద్దు. నీళ్లలో నానిన వేళ్ల కొనలు ఎలా ముడతలు పడతాయో కుట్టు అంచులూ అలాగే మెత్తబడి విడిపోతాయి.

కడగడం, ఆరబెట్టడం

మూత్రం పోసేటప్పుడు మంట పుడుతుంటే, పోస్తున్నంతసేపూ ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లను ముందు నుంచి వెనక్కి సన్నధారగా పోసుకోండి. మూత్రం పలచబడి మంట సగానికి సగం తగ్గుతుంది. మన ఇళ్లలోని జెట్ స్ప్రేను ఈ రెండు మూడు వారాలు పక్కన పెట్టండి. ఆ ధార వేగానికి పచ్చి కుట్టు అదురుతుంది, వెనకనుంచి కొడితే మలం ముందుకు చిమ్ముతుంది. లోపలికి నీళ్లు కొట్టి కడగడం ఎప్పటికీ వద్దు.

కడిగాక మెత్తని నూలు గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. తర్వాత పాత చీర మడత కింద పరుచుకొని, ప్యాడ్ లేకుండా, మోకాళ్లు ముడిచి పది నిమిషాలు పడుకోండి. ఫ్యాన్ తక్కువలో తిరిగితే చాలు. రోజుకు రెండు మూడు సార్లు ఇలా గాలి తగిలిన కుట్టు, ఎప్పుడూ తడిప్యాడ్ కింద ఉన్న కుట్టు కంటే హాయిగా ఉంటుంది. వానాకాలంలో నగరమంతా చెమ్మగా ఉన్నప్పుడు ఇది మరీ అవసరం. ప్యాడ్ మూడు నాలుగు గంటలకు ఒకసారి మార్చాలి, తడవకపోయినా సరే. గుడ్డలు వాడేవాళ్లు సబ్బుతో ఉతికి, పది నిమిషాలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి వాడుకోవాలి. నీడన గదిలో ఆరేసిన గుడ్డ పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది.

రోజుకు ఒకసారి, ఒకే వెలుతురులో, చేతి అద్దం పట్టుకొని కుట్టును చూసుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, బాలింత వంగి చూడలేకపోతే అమ్మ చూడవచ్చు. రెండు అంచులూ ఒకదానికొకటి ఆనుకొని, నిన్నటికన్నా వాపు తగ్గి కనిపించాలి. తేడా ఏదైనా ఇలా చూసుకుంటేనే ముందుగా తెలుస్తుంది.

వేపాకు నీళ్లు, కషాయాలు

వేపాకు నీళ్లతో పైపైన కడగడం వల్ల నష్టం లేదు, చాలామందికి దురద తగ్గినట్టు అనిపిస్తుంది. తయారీ శుభ్రంగా ఉండాలి, అంతే. రోడ్డు పక్క చెట్టు ఆకు మీద దుమ్ము, పొగ పేరుకొని ఉంటాయి కాబట్టి కాలనీ లోపలి చెట్టుదో, రైతుబజారులో తాజాగా దొరికినదో తెచ్చుకోండి. రెండు గుప్పిళ్ల ఆకును మూడు నీళ్లలో కడిగి, రెండు లీటర్ల నీళ్లలో పది నిమిషాలు తెర్లనివ్వండి. మూతపెట్టి చల్లార్చి, రెండు మడతల గుడ్డలో వడకట్టండి. ఆకు పీచు గానీ, ఈనె ముక్క గానీ నీళ్లలో మిగలకూడదు. గోరువెచ్చగా ఉన్నప్పుడు మగ్గుతో పైన పోసుకొని, ఆఖరున మంచినీళ్లతో కడిగి అద్దండి. పొద్దున కాచినవి సాయంత్రం దాకానే. మర్నాటికి ఉంచితే నీళ్లు వాసన పడతాయి, ఆ నీళ్లతో కడగడం కన్నా కడగకపోవడం నయం. మొదటిసారి వాడే ముందు మోచేతి లోపలి వైపు తడిపి ఒక రోజు చూడండి. దద్దురు లేస్తే వద్దు. వేపనూనె మాత్రం కుట్టుకూ వద్దు, రొమ్ముకూ వద్దు. బిడ్డ నోట్లోకి పోతే ప్రమాదం.

వావిలాకు వేసి కాచిన నీళ్లు బాలింత స్నానానికి మంచివే. ఒళ్లు నొప్పులకు, నడుముకు పోయండి, కుట్టు దగ్గర మాత్రం ఉత్త నీళ్లు వాడండి. మర్రి, రావి, మేడి, జువ్వి, గంగరావి చెక్కలతో కాచే పంచవల్కల కషాయాన్ని ఆయుర్వేదంలో పుండ్లు కడగడానికి వాడతారు. అది వైద్యుడు చూసి చెప్పిన మోతాదులోనే వాడాలి. అలాగే జాత్యాది తైలం. పేరు విని పూల నూనె అనుకుంటారు గానీ అందులో మైలుతుత్తం, అంటే కడుపులోకి పోతే విషమయ్యే కాపర్ సల్ఫేట్ ఉంటుంది. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో సొంతంగా కొనుక్కొని రాసుకునే నూనె కాదది.

పసుపు, తేనె, కలబంద

మనవాళ్లు ఎక్కువగా అడిగేది పసుపు గురించే. పసుపులోని కుర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉన్న మాట నిజం. ఇరాన్‌లో కాన్పు కుట్ల మీద పసుపు ఆయింట్‌మెంట్‌ను పరీక్షించిన చిన్న అధ్యయనాలు కూడా ఉన్నాయి. అయితే వాళ్లు వాడింది ప్రయోగశాలలో కొలతతో చేసిన మందు, వంటింటి డబ్బాలోది కాదు. డబ్బాలోని పసుపు మిల్లులో ఆడించింది, తడి చెంచా పడింది, సూక్ష్మజీవుల బీజాలు అందులో మామూలే. రంగు కోసం సీసం ఉన్న క్రోమేటు కలిపిన కల్తీ పసుపు దేశంలో పట్టుబడింది కూడా. వీటన్నిటికీ మించిన ఇబ్బంది ఇంకొకటి ఉంది. పసుపు పూసిన పుండు ఎర్రబడిందో, చీము పట్టిందో కంటికి తెలియదు, అంతా పచ్చగానే కనిపిస్తుంది. పొడి నీళ్లు పీల్చుకొని కుట్టు సందులో ముద్దకడుతుంది, దాన్ని కడగబోతే కుట్టే లాగుతుంది. అందుకని పసుపును కూరలో, పాలలో తీసుకోండి, నలుగులో చేతులకు కాళ్లకు పెట్టుకోండి. మానని కుట్టు మీద వేయకండి.

ఇక తేనె. ఆసుపత్రుల్లో పుండ్లకు వాడే తేనె వేరు, దాన్ని గామా కిరణాలతో శుద్ధి చేసి ట్యూబుల్లో అమ్ముతారు, డాక్టరు చూసి డ్రెస్సింగులో వాడతారు. సీసాల్లో అమ్మే తినే తేనెలో బోటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) తెచ్చే బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్లు తింటే ఏమీ కాదు గానీ ఏడాది లోపు పిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. తల్లి చేతికి అంటిన తేనె బిడ్డ నోటికి చేరడానికి ఎంతసేపు? కుట్టుకూ చనుమొనకూ తేనె వద్దు, పుట్టిన బిడ్డ నాలుకకు అసలే వద్దు.

కలబంద చల్లగా ఉంటుంది, దురదకు బాగుంటుంది. కానీ తెరుచుకున్న పుండుకు వాడకూడదు. 1991లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆపరేషన్ కుట్టు విడి పుండు తెరుచుకున్న 21 మంది స్త్రీలను చూశారు. మామూలు వైద్యం పొందినవాళ్లకు సగటున 53 రోజుల్లో పుండు మానితే, కలబంద జెల్ కూడా వాడినవాళ్లకు 83 రోజులు పట్టింది. మూడో వారం తర్వాత, అంచులు పూర్తిగా అతుక్కొని పైన దురద మిగిలితే అప్పుడు వాడండి. మట్టను కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెడితే పసుపుపచ్చని జిగురు కారిపోతుంది. మంట పుట్టించేది ఆ జిగురే, దాన్ని వదలకుండానే పూయడం చాలామంది చేసే పొరపాటు. తర్వాత కడిగి, తొక్క తీసి, లోపలి గుజ్జును పలుచగా రాసి పది నిమిషాలకు కడిగేయండి. మిగిలిన ముక్క ఫ్రిజ్‌లో ఒక్కరోజే.

పటికనీళ్లు చర్మాన్ని బిగదీసి ఎండగొడతాయి, కుట్టు చిట్లుతుంది. టాల్కం పౌడరు ముద్దకడుతుంది. బోరిక్ పౌడరు చంటిబిడ్డకు విషం. సాంబ్రాణి పొగ గదికి, తలకు వేసుకుంటే వేసుకోండి, గాలి ఆడేలా, బిడ్డకు దూరంగా. నిప్పుల కుంపటి మీద కాళ్లు ఎడంగా పెట్టి కూర్చోబెట్టడం మాత్రం దయచేసి మానండి. వాచిన చర్మం కాలితే కుట్లన్నీ విడిపోతాయి. బెటాడిన్‌ను డాక్టరు రాస్తే ఎన్ని రోజులో అడిగి అన్ని రోజులే వాడండి. పల్చని చర్మం గుండా అందులోని అయోడిన్ ఒంట్లోకి, పాలలోకి చేరి బిడ్డ థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు, "ఇంకా కొన్నాళ్లు వాడదాం" అనుకునే మందు కాదది.

ఆపరేషన్ కుట్లు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. కాబట్టి ఈ కుట్టు గురించీ చెప్పాలి. ఆసుపత్రి డ్రెస్సింగును వాళ్లు చెప్పిన రోజునే తీయాలి. తర్వాత స్నానంలో నీళ్లు పైనుంచి జారిపోవచ్చు, రుద్దకూడదు, నానబెట్టకూడదు. పొట్ట కిందికి వాలి మడత పడేవాళ్లకు ఆ మడతలో చెమట నిలిచి కుట్టు పాడవుతుంది. స్నానం కాగానే పొట్టను పైకెత్తి పట్టుకొని అద్ది, ఉతికి ఇస్త్రీ చేసిన నూలు చేతిరుమాలును మడతలో పెట్టండి, తడిసినప్పుడల్లా మార్చండి.

లంగా బొందు సరిగ్గా కుట్టు మీదికే వస్తుంది. రోజంతా ఆ ముడి రాసుకొని ఎర్రబడిన కుట్టును చూసి "చీము పట్టిందేమో" అనుకుంటుంటారు. ఆరు వారాలు వదులైన నైటీలే వేసుకోండి, లేదా లంగాను రొమ్ము కింద కట్టుకోండి. నడుముకు గుడ్డ బిగించి కట్టడం కూడా ఇంతే. డాక్టరు చెప్పిన బెల్టు అయితే వేరు. నూనె మర్దన చేసే మనిషికి పొట్ట ముట్టుకోవద్దని ముందే చెప్పాలి.

ఆరు వారాలు దాటి, గీత పూర్తిగా మూసుకొని పొడిగా ఉంటే, మూడు చుక్కల కొబ్బరినూనెతో రెండు వేళ్లు ఆనించి, గీత వెంబడి మెల్లగా అయిదు నిమిషాలు రోజుకు రెండుసార్లు రుద్దవచ్చు. మచ్చ ఉబ్బుగా, గట్టిగా పెరిగే ఒంటి తత్వం ఉన్నవాళ్లు సిలికాన్ జెల్ గురించి డాక్టరును అడగండి. ఆ పని కొబ్బరినూనె చేయదు.

చనుమొనలు పగిలితే పాలిచ్చాక రెండు చుక్కల తల్లిపాలనే రాసి గాలికి ఆరనివ్వండి, లేదా పలుచగా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మెత్తని పూత) రాయండి. పగులు మళ్లీ మళ్లీ వస్తుంటే బిడ్డ మొనను మాత్రమే పట్టుకుంటోందని అర్థం. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాలి, ఏ పూతా దానికి బదులు కాదు.

పథ్యం పేరుతో జరిగే పొరపాటు

"పప్పు తింటే కుట్టు చీము పడుతుంది" అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. కండ అతకడానికి మాంసకృత్తులు కావాలి: పప్పు, గుడ్డు, పాలు, చేపలు. జామ, ఉసిరి, నిమ్మ కూడా ఉండాలి. బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు ఇంకా నష్టం. ఐరన్ మాత్రలకు నీళ్లు తక్కువ కావడం తోడైతే మలం గట్టిపడుతుంది, ముక్కినప్పుడు కుట్టు తెగుతుంది. గోరువెచ్చనివైనా సరే, రోజుకు రెండున్నర మూడు లీటర్లు తాగాలి. రాత్రి రెండు చిన్న చెంచాల ఇసబ్గోల్ నిండు గ్లాసు నీళ్లలో కలుపుకొని వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. దొడ్డికి కూర్చున్నప్పుడు శుభ్రమైన ప్యాడ్‌ను మడిచి కుట్టుకు మెల్లగా అదిమి పట్టుకుంటే లాగదు.

ఎప్పుడు ఆగకూడదు

జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, నాలుగో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పెరుగుతుంటే, కుట్టు తెరుచుకుంటే, చీమో చెడువాసనో వస్తే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, గంటలో ఒక ప్యాడ్ నిండా తడిసిపోతుంటే, గాలి గానీ మలం గానీ ఆపుకోలేకపోతుంటే, మూత్రం రాకపోతే ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. షుగరు, రక్తహీనత ఉన్నవాళ్లు ఇంకా ముందే వెళ్లాలి. వాళ్ల పుండ్లు మెల్లగా మానుతాయి, త్వరగా చెడతాయి. కాన్పు జరిగిన ఆసుపత్రికే వెళ్లడం మేలు, కేసు కాగితాలు అక్కడే ఉంటాయి. అది దూరమైతే సుల్తాన్‌బజార్, పేట్లబుర్జు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే 108కి ఫోన్ చేయండి. బయల్దేరే ముందు కుట్టు మీద కొత్తగా ఏమీ పూయకండి, ఇంతకుముందు ఏం పూశారో, ఎన్ని రోజులు పూశారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.